బేరార్ లేని బేరార్ యువరాజు

2023 జనవరిలో ఎనిమిదో నిజాంగా పేరున్న ముకర్రం జాహ్ ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. ఆ రోజుల్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎటు చూసినా బిరుదుల జాబితాలే. ఆయనవి, ఆయన తండ్రివి, తాత ఉస్మాన్ అలీ ఖాన్‌వి. చదవబోతే ఫోను తెర మీద వేలు జరుపుతూనే ఉండాలి. గ్రూపు రెండు జట్లుగా చీలింది. ‘ఎంతటి వైభవమో చూడండి’ అన్నది ఒక జట్టు. ‘ప్రజల చెమటతో బతికినవాళ్లకు ఇన్ని తోకలా’ అన్నది రెండోది. మా చిన్నాన్న మొదటి జట్టు, ఆయన కొడుకు రెండో జట్టు. పండగకు కలిసినప్పుడు కూడా ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదని తర్వాత తెలిసింది.

నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. పొగిడినాయనా చదవలేదు, తిట్టినవాడూ చదవలేదు. రాజ్య వారసుడి బిరుదుల వరుసను నేను వైభవంగానూ చూడను, చెత్తగానూ చూడను. భూమి రిజిస్ట్రేషను కాగితాన్ని చదివినట్టు చదువుతాను. ఎవరి నేల ఎవరి చేతికి పోయింది, ఏ బాకీ కింద పోయింది, పోగొట్టుకున్నవారికి బదులుగా ఏ పేరు దక్కింది? ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ జాబితాలలో అందరికంటే ఎక్కువ సంగతులు దాచుకున్న పేరు ముకర్రం జాహ్‌ది కాదు, ఉస్మాన్ అలీ ఖాన్‌దీ కాదు. మధ్యలో నలిగిపోయిన ఆజం జాహ్‌ది. ఏడో నిజాం పెద్ద కొడుకు, ఎనిమిదో నిజాం తండ్రి, తాను మాత్రం ఏ లెక్కలోనూ నిజాం కాలేకపోయినవాడు.

ఆయన పూర్తి పేరు ఇలా సాగుతుంది: వాలాషాన్ నవాబ్ సర్ మీర్ హిమాయత్ అలీ ఖాన్ బహదూర్, ఆజం జాహ్, ప్రిన్స్ ఆఫ్ బేరార్, జి.సి.ఐ.ఇ., జి.బి.ఇ.

ఇందులో తల్లిదండ్రులు పెట్టిన పేరు హిమాయత్ అలీ. ఈసీ వాగు మీద 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్‌కు ఆ పేరే పెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడల్లా పత్రికల్లో ఈ పేరు వస్తుంది. చదివేవారిలో ఎందరికి అది ఒక మనిషి పేరని తెలుసో చెప్పలేను. చివరన ఉన్న పొడి అక్షరాలు, ముందున్న ‘సర్’ లండన్ నుంచి వచ్చినవి. ఇండియన్ ఎంపైర్, బ్రిటిష్ ఎంపైర్ అనే రెండు గౌరవ శ్రేణులలో పై మెట్టువి అవి. ‘ఆజం జాహ్’ ఇంట్లోనే తయారైన బిరుదు, తండ్రి దర్బారుది.

అసఫ్ జాహీల, అంటే నిజాంల, దర్బారులో గౌరవాలకు ఒక నిచ్చెన ఉండేది. ఖాన్, ఖాన్ బహదూర్, ఆ పైన జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నిటి మీద జాహ్. హైదరాబాదు తెలిసినవారికి ఈ మెట్లన్నీ తెలిసినవే, కాకపోతే మెట్లుగా తెలియవు. మ్యూజియం వల్ల మనం ‘సాలార్ జంగ్’ అంటే ఒకాయన పేరనుకుంటాం. అది బిరుదు. ఆ బిరుదుతో ప్రసిద్ధుడైన దివాను అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్, మ్యూజియం వస్తువులు పోగు చేసినాయన మీర్ యూసుఫ్ అలీ ఖాన్. వికారుల్ ఉమ్రా పేరు మీద వికారాబాద్ ఉంది. కొండ మీద ఆస్మాన్‌గఢ్ కట్టించినాయన ఆస్మాన్ జాహ్. మనుషుల సొంత పేర్లు మరుగున పడి, ఉద్యోగంతోనూ హోదాతోనూ వచ్చినవే ఊళ్లకు, గుట్టలకు అతుక్కుపోయాయి.

ఇంటివి ఒక కొసన, లండన్‌వి రెండో కొసన. ఈ రెండిటికీ నడుమ ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ ఉంది. అసలు కథ అంతా అక్కడే.

బేరార్ అంటే నేటి మహారాష్ట్రలోని అమరావతి, అకోలా, యవత్మాల్, బుల్డాణా ప్రాంతం. నల్లరేగడి, పత్తి. 1803లో ఆంగ్లేయులు మరాఠాలను ఓడించాక, వార్ధా నదికి పడమటి నేలను నాగపూర్ భోంస్లేల నుంచి తీసుకుని మిత్రుడైన నిజాంకు ఇచ్చారు. ఇచ్చిన చేత్తోనే తీసుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. హైదరాబాదు కంటింజెంట్ అనే సైన్యం ఉండేది. పేరులో హైదరాబాదు ఉన్నా అధికారులు ఆంగ్లేయులు, జీతాల భారం నిజాంది. ఆ జీతాలు బకాయి పడ్డాయి. బాకీ నలభై లక్షల రూపాయలు దాటింది. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో ఆ బాకీ కిందా, ముందు ముందు జీతాల కిందా బేరార్‌ను, రాయచూర్ దోఆబ్‌ను, ధారాశివ్ ప్రాంతాన్ని ఆంగ్లేయుల పాలనకు అప్పగిస్తూ ఒడంబడిక రాయించుకున్నారు. సంతకం పెట్టించిన దివాను సిరాజుల్ ముల్క్ కొద్ది రోజులకే మరణించాడు. ఆయన తర్వాత దివాను అయినవాడు ఆయన సోదరుడి కొడుకే, అప్పటికి ఇరవై నాలుగేళ్ల సాలార్ జంగ్.

1857లో నిజాం ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. అందుకు బహుమానంగా 1860లో రాయచూర్, ధారాశివ్ వెనక్కి వచ్చాయి, దాదాపు యాభై లక్షల పాత బాకీ రద్దయింది. బేరార్ మాత్రం రాలేదు. ఆ 1860 ఒడంబడికలో ఒక షరతు నాకు ఎప్పుడు చదివినా మింగుడు పడదు. బేరార్ రాబడిలో ఖర్చులు పోగా మిగిలింది నిజాంకు ఇస్తారట, అయితే లెక్కలు చూపమని నిజాం అడగకూడదట. ఎంత వచ్చిందో చెప్పను, ఎంత ఖర్చయిందో చెప్పను, మిగిలితే ఇస్తాను! ఇక ఎంత మిగులుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సరిగ్గా ఆ తర్వాతి ఏళ్లలోనే అమెరికా అంతర్యుద్ధం వల్ల మాంచెస్టర్ మిల్లులకు పత్తి కరువై, బేరార్ పత్తికి గిరాకీ పెరిగింది. పత్తి పొలాల్లోకి రైలు పట్టాలు వచ్చాయి. సాలార్ జంగ్ బేరార్ కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. 1876లో ఇంగ్లండుకు వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చి పంపింది. అడిగింది నేల, దక్కింది పట్టా పుచ్చుకునే గౌను. ఈ వరస ఆ తర్వాత కూడా మారలేదు.

1902లో వైస్రాయి కర్జన్ స్వయంగా హైదరాబాదు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడాడు. బేరార్ శాశ్వత కౌలుకు పోయింది, ఏటా 25 లక్షల రూపాయలకు. దరిదాపుల్లోనే మహబూబ్‌కు జి.సి.బి. అనే బిరుదు వచ్చింది. ఆ మూడు అక్షరాలను జనం ‘కర్జన్‌కు బేరార్ ఇచ్చాడు’ అని విప్పి చదువుకున్నారని ఆనాటి వేళాకోళం. ఇంగ్లీషులో ‘గేవ్ కర్జన్ బేరార్’ అంటే ఆ అక్షరాలు చక్కగా అతుకుతాయి. బిరుదును రసీదుగా చదవడం నా సొంత తెలివి కాదని ఈ వేళాకోళమే సాక్ష్యం. నూట ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదు వీధుల్లో ఆ పని చేశారు.

తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆంగ్లేయులకు ధారాళంగా సాయం చేసినందుకు 1918లో ఆయనను ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అన్నారు. మిగతా సంస్థానాధీశులెవరికీ ఆ మాట లేదు. ‘నమ్మకమైన మిత్రుడు’ అనే బిరుదూ తోడైంది. ఆ మిత్రత్వాన్ని నమ్మి ఆయన బేరార్ తిరిగి ఇమ్మని అడిగాడు. స్వతంత్ర రాజు మరో రాజుతో మాట్లాడినట్టు వాదించాడు. 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ రాసిన జవాబు సంస్థానాలన్నిటికీ చెంపపెట్టు. భారతదేశంలో బ్రిటిష్ కిరీటానిదే పరమాధికారమనీ, ఏ సంస్థానాధీశుడూ తమతో సమాన స్థాయిలో బేరమాడలేడనీ దాని సారాంశం. ఇరవై ఒక్క తుపాకుల వందనం, అతి ఉన్నతమైన హైనెస్, నమ్మకమైన మిత్రుడు. ఇన్నీ ఉన్నవాడు ఒక్క జిల్లా కూడా వెనక్కి రాబట్టుకోలేకపోయాడు.

పదేళ్ల తర్వాత పరిస్థితి మారింది. 1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చింది. సంస్థానాలన్నీ కలిసే సమాఖ్య రావాలంటే హైదరాబాదు కలిసిరావాలి. బేరార్‌ను మధ్య పరగణాలతో కలిపి ఒకే రాష్ట్రంగా ఉంచాలి. నిజాంను కొంత మంచి చేసుకోవలసి వచ్చింది. 1936 అక్టోబరులో ఒడంబడిక కుదిరింది. బేరార్ మీద నిజాంకు సార్వభౌమాధికారం ఉన్నదని ఆంగ్లేయులు ఒప్పుకున్నారు. పాలన మాత్రం ఎప్పటిలాగే నాగపూర్ నుంచి. ఏటా ఆ 25 లక్షలు, అక్కడ ఆంగ్లేయుల జెండా పక్కన నిజాం జెండా. ఇకపై ఆయన ‘హైదరాబాద్, బేరార్‌ల నిజాం’. ఆయన వారసుడు ‘హిజ్ హైనెస్ ది ప్రిన్స్ ఆఫ్ బేరార్’.

ఇల్లు శాశ్వత కౌలుకు పోయింది, అద్దె ముప్పై నాలుగేళ్ల కిందటిదే, తాళాలు అద్దెదారు దగ్గరే, గేటు మీద పలక మాత్రం ఓనరు కొడుకు పేరుతో కొత్తగా కొట్టించారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ బిరుదు కొడుక్కి ఎందుకు? తండ్రి పేరులో బేరార్‌ను చేర్చారు కదా, అది చాలదా? నా లెక్క ఇది. రాజు పేరులో చేర్చిన మాట ఆ రాజుతో పోవచ్చు. వారసుడి పేరులో చేర్చిన మాట తర్వాతి తరాన్ని కూడా కట్టేస్తుంది. ‘బేరార్ మాది, ఇవ్వండి’ అని రేపు గద్దెనెక్కినవాడు అడగబోతే, ‘పుట్టుకతో మీది కాబట్టే కదా మీ పేరులో ఉంది, ఇంకేం కావాలి’ అనవచ్చు. ఒప్పందం బిడ్డ పేరులో ఉంటే దాన్ని తిరగదోడడం కష్టం.

ఆంగ్లేయులకు ఈ విద్య కొత్త కాదు. వేల్స్ చివరి సొంత రాజు లెవెలిన్ 1282లో యుద్ధంలో చనిపోయాడు, మరుసటి ఏడు ఆయన తమ్ముడిని ఉరితీశారు. 1301లో మొదటి ఎడ్వర్డ్ తన కొడుకును వేల్స్ యువరాజు అన్నాడు. ఏడు శతాబ్దాలైనా ఆ పేరు ఇంగ్లండు వారసుడిదే. 1969 జులై 1న కేర్నార్వన్ కోటలో ఆనాటి వారసుడు ఛార్లెస్‌కు ఆ పట్టం కట్టారు. అంతకుముందు ఆయనను ఒక టర్ము అబరిస్ట్‌విత్‌లో వేల్స్ భాష చదివించారు. పట్టానికి ముందురోజు రాత్రి నిరసనకారులిద్దరు తాము తీసుకెళుతున్న బాంబు పేలి చనిపోయారు. గెలుచుకున్న నేల పేరును వారసుడికి తొడిగితే, నేల మనుషులు అంత తొందరగా మరచిపోరు.

ఫ్రాన్సు సంగతి బేరార్‌కు ఇంకా దగ్గర. దోఫినే అనే ప్రాంతపు ప్రభువు రెండో అంబేర్ అప్పుల్లో కూరుకుపోయి 1349లో తన నేలను ఫ్రాన్సు రాజవంశానికి అమ్ముకున్నాడు. అప్పటి నుంచి ఫ్రాన్సు వారసుడు దోఫేన్. అయిదు వందల ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో మెరిసిన ఆ బిరుదు వెనక ఉన్నది ఒక అప్పులపాలైన మనిషి అమ్మకపు పత్రం. తేడా ఏమిటంటే, అక్కడ కొన్నవాడి కొడుక్కి పేరు దక్కింది, ఇక్కడ పోగొట్టుకున్నవాడి కొడుక్కి.

బిరుదుల్లో డబ్బు ఉన్నవీ లేనివీ వేరు. ఇది తెలియక చాలామంది వేల్స్ యువరాజు అనే పేరుతోనే ఛార్లెస్ కొడుకు విలియంకు సిరి వచ్చిందనుకుంటారు. వేల్స్‌తో ఆయనకు పైసా రాదు. డబ్బంతా కార్న్‌వాల్ ప్రభువు అనే మరో బిరుదులో ఉంది. 1337లో మూడో ఎడ్వర్డ్ సృష్టించిన ఆ ఎస్టేటు నుంచి ఏటా రెండు కోట్ల పౌండ్లకు పైగా రాబడి. అది రాజు పెద్ద కొడుక్కి దానంతటదే వస్తుంది, వేల్స్ మాత్రం రాజు దయతలిచి ఇవ్వాలి. కార్న్‌వాల్ పత్రం ‘పెద్ద కొడుకు’ అంటుంది కాబట్టి కూతురికి రాదు. రెండో ఎలిజబెత్ వారసురాలిగా ఉన్న రోజుల్లో ఆ రెండు బిరుదుల్లో ఒకటీ ఆమెకు లేదు. రుద్రమదేవిని శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుతో రాసుకున్న మనకు ఇది చదివితే నవ్వూ రాదు, ఆశ్చర్యమూ కలగదు. బేరార్ విషయంలో ఆ 25 లక్షలు నిజాం ఖజానాకు జమ. యువరాజుకు నేలా లేదు, నేల మీది రాబడీ లేదు, ఉత్తరాల మీద పై చిరునామా ఉంది.

బిరుదు వచ్చిన కొద్ది నెలలకే ఒక విచిత్రం జరిగింది. 1937లో బేరార్ ఓటర్లు నాగపూర్ శాసనసభకు తమ ప్రతినిధులను ఎన్నుకున్నారు. అందరికీ ఓటు లేదు, ఆస్తి, చదువు ఉన్నవారికే. అయినా ఎన్నికలు జరిగాయి, కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది. బేరార్ రైతు వేసిన ఓటుకు ‘బేరార్ యువరాజు’ ఎక్కడా అడ్డు రాలేదు, రాలేడు కూడా. ఇటు నల్లగొండ, వరంగల్ రైతు పరిస్థితి చూడండి. ఆయన నిజంగా నిజాం ఏలుబడిలో ఉన్నాడు. ఆయనకు అలాంటి శాసనసభ లేదు, మంత్రివర్గం లేదు. 1938లో స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. పేరుకు మాత్రమే నిజాంది అయిన నేలలో ఓటు, నిజంగా నిజాంది అయిన నేలలో వెట్టి. మా చిన్నాన్న మెచ్చుకున్న జాబితాలోనూ ఈ సంగతి లేదు, ఆయన కొడుకు తిట్టిన తిట్లలోనూ లేదు.

ఇక మనిషి సంగతి. ఆజం జాహ్‌కు 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్లయింది. వధువు దుర్రు షెహ్వార్, చివరి ఒట్టోమన్ ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు. ఖలీఫాను 1924లోనే టర్కీ నుంచి పంపించేశారు. నిజాం నెలనెలా పంపే భరణం ఆ ఇంటికి పెద్ద ఆసరా. ఒక పక్క ఖిలాఫత్ లేని ఖలీఫా, ఇంకో పక్క అయిదేళ్ల తర్వాత బేరార్ లేని బేరార్ యువరాజు కాబోతున్న పెళ్లికొడుకు. ఆనాటి పత్రికలు ఈ సంబంధాన్ని ప్రపంచ ముస్లిముల భవిష్యత్తుగా రాశాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పెళ్లి తర్వాత ఆయన నిజాం సేనలకు సర్వసేనాధిపతి, పేరుకే. సేనను నడిపింది సైన్యాధికారి ఎల్ ఎద్రూస్. 1948 సెప్టెంబరులో భారత సైన్యానికి లొంగిపోయిందీ ఆయనే. కొడుకు దుబారా, అప్పులు తండ్రికి నచ్చలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ పిసినారితనం గురించి ఎన్ని కథలున్నాయో, ఆ ఇంట్లో ఖర్చుపెట్టే కొడుకు గతి ఏమవుతుందో ఎవరైనా ఊహించవచ్చు. తండ్రి కొడుకును దాటేసి మనవడిని వారసుడిగా నిర్ణయించాడు. 1967 ఫిబ్రవరిలో తండ్రి పోయాక భారత ప్రభుత్వం ముకర్రం జాహ్‌నే గుర్తించింది. ఆజం జాహ్ 1970లో మరణించాడు. ఆయన నివసించిన బెల్లా విస్టా ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ. అధికారులకు పరిపాలన నేర్పే సంస్థ ఒక్కరోజు కూడా పరిపాలించని యువరాజు ఇంట్లో నడుస్తోంది. ఇది వెక్కిరింపుగా అనడం లేదు. ఆ తోట, ఆ భవనం నాకు ఇష్టం.

ఆయన మీద నాకు జాలి ఉంది. కృష్ణదేవరాయలు తన చిన్నారి కొడుకు తిరుమలకు పట్టం కట్టడం, ఆ పసివాడు నెలల్లోనే చనిపోవడం, విషప్రయోగమన్న అనుమానంతో మంత్రి తిమ్మరుసు కళ్లు పోగొట్టుకోవడం పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిన కథ. అక్కడ యువరాజ పట్టం వెనక నిజమైన అధికారం ఉంది కాబట్టే అది ప్రాణాల మీదికి వచ్చింది. ఆజం జాహ్ బిరుదు వెనక ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఆయనను చంపాలనుకోలేదు. అరవై మూడేళ్లు బతికాడు, ఎదురుచూస్తూ.

అదే బిరుదు భార్య చేతిలో ఇంకోలా పనిచేసింది. బేరార్ యువరాణిగా దుర్రు షెహ్వార్ పరదా పాటించలేదు, సభల్లో మాట్లాడింది, ఆడవాళ్ల వైద్యం కోసం, చదువు కోసం తిరిగింది. పురానీ హవేలీలో ఆమె పేరున ఉన్న పిల్లల ఆసుపత్రి ఇప్పటికీ పాతబస్తీ తల్లులకు తెలుసు. బిరుదుకు అర్థం లేదని వాదించే జట్టుకు ఈ ఒక్క చోట నా దగ్గర జవాబు ఉంది. అధికారం లేని బిరుదుతో కూడా నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టవచ్చు. ఆమె ఆ పని చేసింది, భర్త చేయలేదు.

1950లో రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులను రద్దు చేసింది. అయినా సంస్థానాధీశుల బిరుదులు, భరణాలు 1971 చివరలో 26వ సవరణ వచ్చేదాకా కొనసాగాయి. నడుమ ఉన్న ఇరవై ఏళ్లలో ఎవరు ‘పాలకుడో’ గుర్తించే అధికారం రాష్ట్రపతిది. అంటే 1967లో నిజాం వారసుడెవరో చెప్పింది ఢిల్లీ. పాత వైస్రాయి చేసిన పనే, కొత్త సీలుతో. పైగా అప్పటికి బేరార్ మహారాష్ట్రలో ఏడేళ్లుగా ఉంది.

అందుకే 2023లో పత్రికలు ముకర్రం కొడుకు అజ్మత్ జాహ్‌ను ‘తొమ్మిదో నిజాం’ అని రాసినప్పుడు నాకు చిరాకు వేసింది. ముకర్రం జాహ్‌కు రాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలతో వీడ్కోలు పలకడం మీద నాకు గొడవ లేదు. పోయిన మనిషికి మర్యాద చేయడం మన పద్ధతి. కుటుంబం తమలో పెద్దవారెవరో తేల్చుకోవడం కూడా వారి సొంత విషయం. అయితే 1971 తర్వాత చట్టం ప్రకారం లేని పదవికి వరుస సంఖ్య వేసి వార్త రాస్తే, చదివే పదిహేనేళ్ల పిల్లవాడు అది ఉన్నదనే అనుకుంటాడు. పద్మ పురస్కారాన్ని పేరు ముందు తగిలించుకోవద్దని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. తర్వాత తెలుగు సినిమా టైటిళ్లలో అలా వేసుకున్న వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది. అక్కడ అంత పట్టింపు చూపినవాళ్లం ఇక్కడ ఎందుకు చూపం?

ఈసారి జాబితా వస్తే గ్రూపులో ఇదే పెడతాను: ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ దగ్గర ఆగండి, 1853, 1902, 1936 అనే మూడు సంవత్సరాలు చూడండి, ఆ తర్వాత పొగడండి, తిట్టండి, మీ ఇష్టం. చిన్నాన్నకు కోపం వస్తుంది. ఆయన కొడుక్కి కూడా.